మెత్తబడిన బండి: కమానుల, షాకబ్సార్బర్ల పరీక్ష

పాలకేంద్రమునకు క్యానులు చేరవేయు ట్రాలీ ఆటో, బడిపిల్లలను తీసికొనిపోవు ఆటోరిక్షా, ఎరువుల బస్తాలు తెచ్చు చిన్న లారీ, వీధివీధిని మోటారు సైకిలు - ఇవి లేనిదే నేటి గ్రామమున దినము గడవదు. ఇంజను మొరాయించినచో యజమాని ఆనాడే మెకానికు నొద్దకు పోవును. బ్రేకు పట్టనిచో భయపడును. కాని బండి నానాటికి మెత్తబడి, గుంటలో దిగినప్పుడెల్ల ఊయలవలె ఊగుచున్నచో దానిని జబ్బుగా నెంచువారు తక్కువ. పైగా "బండి మెత్తగా పోతోంది, నడుము నొప్పి లేదు" అని సంతోషించు డ్రైవర్లను మేము పలువురను చూచితిమి.

కొత్తగా కొన్ననాడే మెత్తగా నడచు బండి వేరు. కొన్నాళ్లు గట్టిగా నడచి తరువాత మెత్తబడిన బండి వేరు. మొదటిది తయారుచేసినవారు కోరి అమర్చిన గుణము. రెండవది ఏదో భాగము తన పని మానినదని తెలుపు గుర్తు. ఏ భాగము మానినదో చాలవరకు ఇంటి ముంగిటనే తెలిసికొనవచ్చును. అందుకు ఒక కొలత టేపు, ఒక గుడ్డపీలిక, ఒక టార్చిలైటు, టైరులో గాలి చూచు గేజి, అరగంట తీరిక ఉన్న చాలును.

మోయునది వేరు, ఆపునది వేరు

వాహనము అడుగున రెండు విధములైన భాగములు కలవు. వాని పనులు వేరువేరు. ఈ భేదము మనసున పట్టినచో తక్కిన విషయమంతయు సులభమగును.

మొదటిది స్ప్రింగు. లారీలకు, జీపులకు, పలు సరుకుల బండ్లకు ఉండు కమాను కట్టలును, కార్లకు ఉండు చుట్ట స్ప్రింగులును ఈ జాతిలోనివే. స్ప్రింగు పని బరువు మోయుట. పెట్టిన బరువునకు తగినంతగా కుంగుట, బరువు తీయగానే యథాస్థితికి వచ్చుట దాని ధర్మము. రెట్టింపు బరువు పెట్టినచో రెట్టింపు కుంగును. ఈ సంబంధమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. ఉక్కు పట్టీలను వంచి జతపరచిన కమానులకు లండనులో ఒబదయా ఎలియట్ అను బండ్ల తయారీదారు 1804లో పేటెంటు పొందెను. మన పెద్దలు ఎక్కిన జట్కాబండికి కమానులు ఉండెడివి, ఎడ్లబండికి లేవు. రెండింటిలోను ప్రయాణము చేసిన వారి నడుమునకు ఆ భేదము ఒకరు చెప్పనక్కరలేదు.

రెండవది షాకబ్సార్బరు. దీని పేరు కొంత తప్పుదారి పట్టించును. గుంటలో పడినప్పుడు తగులు దెబ్బను ముందుగా ఓర్చుకొనునది స్ప్రింగే గాని షాకబ్సార్బరు గాదు. దెబ్బ తగిలిన పిదప స్ప్రింగు ఊరకుండదు. కుంగినది పైకి లేచును, లేచినది మరల కుంగును. ఊయలను ఒక్కసారి త్రోసి విడిచినచో అది చాలసేపు ఊగును గదా! ఎవరైన గొలుసును చేతితో పట్టుకొన్నచో వెంటనే నిలుచును. బండి అడుగున ఆ చేయి చేయు పనిని షాకబ్సార్బరు చేయుచున్నది.

అది ఎట్లు చేయునో తెలిసికొనుటకు వసంతోత్సవమున పిల్లలు రంగునీళ్లు చిమ్ము చిమ్మనగ్రోవిని తలచుకొన్న చాలును. మెల్లగా నొక్కినచో కాడ సులభముగా పోవును. ఒక్కమారుగా నొక్కినచో నీరు సన్నని రంధ్రము గుండ పోలేక ఎదురుతిరుగును. షాకబ్సార్బరు గొట్టములో నీటికి బదులు నూనె ఉండును. పిస్టనుకు సన్నని రంధ్రములు, వానిపై చిన్న కవాటములు ఉండును. చక్రము ఎంత వేగముగా లేచి పడుచున్నదో అంత బలముగా నూనె అడ్డుపడును. ఊగుటకు కావలసిన శక్తి ఆ నూనెలో వేడిగా మారి గాలిలో కలియును. గతుకుల రోడ్డుపై కొంతదూరము నడచిన బండి షాకబ్సార్బరు వెచ్చగా నుండుటకు కారణమిదియే. ఈ వెచ్చదనము తరువాత పరీక్షలో మనకు ఉపయోగపడును.

జట్కాకు షాకబ్సార్బరు లేదే, అది ఊగలేదే యని కొందరు అడుగవచ్చును. గుర్రపు నడకకు మించి అది పోలేదు. అదియును గాక కమానులో పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుట వలన ఊగుట కొంత తగ్గును. నేటికిని బహు పట్టీల కమాను గల లారీలో ఈ రాపిడి కొంత పనిచేయుచునే యున్నది. కాని ఈ మధ్యకాలమున కొన్ని వాహనములకు అమర్చుచున్న పారాబోలిక్ కమానులలో పట్టీలు తక్కువ, అవి నడుమను చివరలను దప్ప పరస్పరము తగులవు. అందుచేత రాపిడియు తక్కువ. అట్టి బండిలో షాకబ్సార్బరు చెడినచో ఊపు మరింత హెచ్చుగా తెలియును.

స్ప్రింగు ఎంత కుంగినదో దానిని బట్టి బండి ఊగు వేగము నిర్ణయమగును. బరువు వలన 10 సెంటీమీటర్లు కుంగిన స్ప్రింగుపై బండి తనకుతానుగా నిమిషమునకు సుమారు 95 మార్లు ఊగును. 25 సెంటీమీటర్లు కుంగినచో సుమారు 60 మార్లే ఊగును. మెత్తని స్ప్రింగుపై ఊపు తీరికగా సాగుటకు, బిగువైన స్ప్రింగుపై గజగజలాడుటకు ఇదియే హేతువు. ఊపు ఎంత తీరికగా నున్నను రెండవ ఊపుతోనే అణగిపోవలెను. అణగనిచో దోషము షాకబ్సార్బరులో నున్నదని మొదట అనుమానింపవలెను.

కావున బండి నేలకు దిగజారి కూర్చున్నచో స్ప్రింగును చూడవలెను. ఎత్తు సరిగానే యుండి, కదలినప్పుడు ఊపు ఆగనిచో షాకబ్సార్బరును చూడవలెను. రెండును ఒకేసారి చెడియుండుటయు కలదు.

ఇంకొక పట్టీ వేసినచో తీరునా?

గ్రామములలో తరచుగా జరుగు పొరపాటు ఇచ్చటనే యున్నది. బండి వెనుక ఊగుచున్నదని డ్రైవరు కమానుల పని చేయువాని నొద్దకు పోవును. "మేస్త్రీ, వెనక మెత్తబడింది, ఇంకో పట్టీ వేసెయ్యి" అనును. మేస్త్రీ పట్టీ వేయును. ఎత్తు రెండంగుళములు లేచును. ఖాళీగా నడిపి చూచిన డ్రైవరునకు బండి బిగిసినట్లే తోచును. కూలి తీసికొన్న మేస్త్రీకిని, ఇచ్చిన డ్రైవరునకును తృప్తియే.

కాని చచ్చిన షాకబ్సార్బరు అట్లే యున్నది. పట్టీ హెచ్చుటతో స్ప్రింగు బలము పెరిగినది. కుంగిన స్ప్రింగు తిరిగి లేచు విసురును పెరిగినది. ఆ విసురును ఆపవలసిన నూనె గొట్టములో లేదు. ఫలితముగా ఖాళీ బండి గతుకులపై చక్రములు నేలనంటక ఎగిరెగిరి పడును. బరువు వేసినప్పుడు ఊపు వేగము మారునే గాని ఆగదు. ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. పట్టీ వేసిన బండి కుంగుటలేదు గదా యని యజమాని మరి నాలుగు బస్తాలు హెచ్చుగా వేయించును. పెరిగినది కమాను బలమే. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ పాతవే. తయారీదారు నిర్ణయించిన బరువు కమాను ఒక్కదానిని బట్టి లెక్కించినది గాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 113వ సెక్షను రిజిస్ట్రేషను పత్రములోని బరువును మించి వేయరాదని చెప్పుచున్నది. అదనపు పట్టీ వలన ఆ పత్రములోని అంకె మారదు.

కుంగిన కమానుకు కొత్త పట్టీలు వేయించుట, విరిగిన పట్టీని మార్పించుట మంచి పనులే. ఆపవలసిన భాగము చెడినప్పుడు మోయు భాగమును బలపరచుటనే మేము తప్పుపట్టుచున్నాము.

ప్రాణాపాయ మెట్లు కలుగును?

టైరు నేలను అంటియున్నంతవరకే బ్రేకునకు గాని స్టీరింగునకు గాని పట్టు ఉండును. ఊపు ఆగని బండిలో చక్రము ప్రతి గతుకు తరువాతను క్షణకాలము నేలపై తేలికబడును, ఒక్కొకప్పుడు గాలిలోనే యుండును. ఆ క్షణమున పెడలు ఎంత త్రొక్కినను ప్రయోజనము లేదు. నున్నని రోడ్డుపై బాగుగానే ఆగిన బండి గతుకుల రోడ్డుపై హెచ్చు దూరము సాగిపోవుటకు ఇది యొక కారణము. బ్రేకు వేసిన వెంటనే ముందుభాగము వంగి వెనుకభాగము లేచును. వెనుక చక్రములపై బరువు తగ్గి అవి జారుటకు సిద్ధమగును. రాత్రివేళ వెనుక కుంగిన బండి దీపములు ఆకాశమును చూచును. ఎదురుగా వచ్చువాని కన్నులు చెదరును. మన ఎదుట రోడ్డు చీకటియగును.

పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలము ఘాటు రోడ్లపై నడచు బండ్లకు ఇంకొక విషయము ముఖ్యము. ఒక మలుపులో బయటి వైపునకు ఒరిగిన బండి నిటారుగా రాకముందే ఎదురు మలుపు వచ్చును. అప్పుడు మొదటి ఊపు రెండవ ఊపునకు తోడగును. సమతలమున డ్రైవరునకు తెలియని జబ్బు ఘాటులో తెలియును. కాని జబ్బును కనుగొనుటకు అది తగిన స్థలము గాదు.

ఆటోరిక్షా సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. నాలుగు చక్రముల బండి ఒరగకుండ ముందు రెండు, వెనుక రెండు స్ప్రింగులు అడ్డుపడును. ఆటోకు ముందున్నది ఒకే చక్రము. అది నడుమ నుండుటచే ప్రక్కకు ఒరుగుటను ఆపజాలదు. ఆ భారమంతయు వెనుక రెండు స్ప్రింగులదే. మూడు కాళ్ల పీటపై కూర్చున్నవాడు రెండు కాళ్ల నడుమకు వంగినచో పీట తిరుగబడును. ఆటోయు అట్లే ముందు చక్రమును ఒక వెనుక చక్రమును కలుపు గీతపైగా బోల్తాపడును. ముందుకు పోయినకొలది ఆ గీత బండి నడుమకు సమీపించును. కనుక డ్రైవరునకు ఇరుప్రక్కల మనుష్యులను కూర్చుండబెట్టినచో బరువు ముందుకు జరిగి ఆ గీతకు దగ్గరగును. దానికి తోడు వెనుక స్ప్రింగులు, షాకబ్సార్బర్లు మెత్తబడియున్నచో మలుపులో బండి శరీరమే బయటికి ఒరిగి బరువును మరింత దగ్గరకు చేర్చును. నింపాదిగా తిరుగవలసిన చోట కొంచెము తొందరపడినను చాలును. బడిపిల్లలను ఆటోలో పంపు తలిదండ్రులు ఇంజను చప్పుడును గాక వెనుక చక్రముల వైపు చూచుట నేర్చుకొనవలెను.

ముంగిటి పరీక్ష

బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు గాని కొయ్యదిమ్మెలు గాని అడ్డుపెట్టవలెను. జాకీ ఒక్కదానిపై నిలిపిన బండి క్రిందకు ఎంతటి పనివాడును తల పెట్టరాదు. ఇచ్చట చెప్పు పరీక్షలకు బండిని లేపనక్కరలేదు.

ఖర్చు లేని పరీక్ష ముందు. ఉదయము బండి తీయకముందు, టైర్లు చల్లగా నున్నప్పుడు గాలి చూడవలెను. నడచిన టైరులో గాలి వేడెక్కి కొలత హెచ్చుగా చూపును. ఎంత గాలి ఉండవలెనో తలుపు ప్రక్కనున్న చీటీలోను, బండితో ఇచ్చిన పుస్తకములోను ఉండును. టైరు కూడ ఒక స్ప్రింగే. గాలి తగ్గిన టైరుపై బండి మెత్తగా, మలుపులలో బురదపై నడచినట్లు జారుడుగా తోచును. షాకబ్సార్బర్లు మార్పించిన పిదప ఇంకను ఊగుచున్నదని గొణిగి, చివరకు గాలి కొట్టించగానే సర్దుకొన్న బండ్లు లేకపోలేదు. గాలి తగ్గిన టైరు ప్రక్కగోడలు అతిగా వంగి వేడెక్కి పగులును. కాబట్టి ఇది చిన్న విషయమని విడువరాదు.

తరువాత ఎత్తు. బండిని ఖాళీ చేసి ప్రతి చక్రము నడిబొడ్డు నుండి నిలువుగా మడ్గార్డు అంచు వరకు కొలిచి వ్రాసికొనవలెను. ఎడమ కుడి కొలతలు దాదాపు సమముగా నుండవలెను. ఒకవైపు ఒక అంగుళము తగ్గియున్నచో ఆ వైపు స్ప్రింగును పరీక్షింపవలెను. డీజిలు ట్యాంకు గాని బ్యాటరీ గాని ఆ వైపున ఉండి కొంత కుంగుట సహజమే. అందుచేతనే కొత్త బండి కొన్ననాడే ఈ నాలుగు కొలతలును వ్రాసి పెట్టుకొనవలసినదని మేము చెప్పుదుము. ఆ చీటీ ఉన్నచో అయిదేండ్ల తరువాత ఎవరి ఊహయు అక్కరలేదు. నేల నుండి కొలువరాదు. టైరు అరుగుదల, గాలి ఆ కొలతను మార్చివేయును.

ఇప్పుడు టార్చి వేసి కమానును చూడుడు. ఖాళీ బండిలోనే పట్టీలు చదునైపోయిన యెడల, లేక వంపు ఎదురుతిరిగిన యెడల కమాను అలసినది. విరిగిన పట్టీ వెంటనే కనబడకపోవచ్చును. బురద తుడిచి నడిమి బోల్టు దరిని, చివరలను గుడ్డతో రుద్ది చూడవలెను. పట్టీకి అడ్డముగా సన్నని త్రుప్పుగీత కనబడినచో అది పగులు. పట్టీలు ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండక ప్రక్కకు జరిగినచో వానిని పట్టియుంచు క్లిప్పు తెగినదన్న మాట. యూ బోల్టులు వదులైనచో సంగతి విషమించును. అవి వదులైన పిదప భారమంతయు నడిమి బోల్టుపై పడి అది తెగును. అప్పుడు ఇరుసే వెనుకకు గాని ముందుకు గాని జరుగును. దీనికి సులభమైన ఆనవాలు కలదు. చిరుజల్లు కురిసిన మట్టిదారిపై బండిని తిన్నగా నడిపి, దిగి జాడలు చూడవలెను. వెనుక చక్రముల జాడ ముందు చక్రముల జాడకు రెండువైపులను సమదూరమున నుండవలెను. ఒకవైపునకు జరిగియున్నచో ఆ బండిపై బరువు వేయక మెకానికు నొద్దకు చేర్చవలెను. చుట్ట స్ప్రింగైనచో అడుగు చుట్టను చూడవలెను. బురద నిలిచి త్రుప్పు పట్టునది, తరచుగా విరుగునది ఆ చుట్టయే. చుట్ట చివరి ముక్క తెగి గిన్నెలోనే కూర్చుండుట వలన పలువురు దానిని గుర్తింపలేరు.

షాకబ్సార్బరు గొట్టమును గుడ్డతో తుడిచి చూడవలెను. పైన పలుచని తడి ఆవిరివలె అంటియున్న చింతలేదు. నూనె కారి, దానిపై దుమ్ము పేడవలె గట్టిపడినచో సీలు పోయినది. గొట్టము సొట్టపడిన, కాడ వంగిన, చివరలనున్న రబ్బరు బుష్షులు నలిగి బోల్టు ఆడుచున్న, గతుకులో ఠకఠకమను చప్పుడు వచ్చును. ఒక్కొక బండి క్రింద ఈ భాగమే కనబడదు! విరిగినదానిని ఊడదీసి, మరల బిగింపకయే నడుపుచున్నారన్న మాట. షాకబ్సార్బరు లేకున్నను బండి కదలును గనుక ఈ అలవాటు సాగుచున్నది.

కారు గాని జీపు గాని అయినచో ఒక మూలపై రెండు చేతులతో బలముగా నొక్కి, ఊపు అందుకొన్న తరువాత చటుక్కున విడువవలెను. పైకి లేచి ఒక్కసారి తన చోటికి వచ్చి నిలిచినచో మంచిది. రెండు మూడు మార్లు ఊగినచో ఆ మూల షాకబ్సార్బరు పని అయిపోయినది. ఈ పరీక్షకు ఒక హద్దు కలదు. పూర్తిగా చెడినదానిని ఇది పట్టించునే గాని సగము చెడినది ఇందు ఉత్తీర్ణము కావచ్చును. లారీ మనిషి చేతికి కుంగదు. అట్టివానికి వెచ్చదనపు పరీక్ష మేలు. గతుకుల దారిలో కొన్ని కిలోమీటర్లు నడిపిన వెంటనే ఆపి, చేతి వెనుకభాగమును ఒక్కొక గొట్టము దగ్గరకు చేర్చి చూడవలెను. ఒకే ఇరుసుకు చెందిన రెండింటిలో ఒకటి వెచ్చగా, రెండవది చల్లగా నున్నచో చల్లనిది పనిచేయుటలేదు. సైలెన్సరు గొట్టము దగ్గరనే యుండును, చేయి కాల్చుకొనవలదు.

చివరగా టైరు చుట్టును అరచేత నిమిరి చూడుడు. అరుగుదల అంతటను సమముగా నుండక, కొంత మేర గుంట, కొంత మేర మిట్టగా చేతికి తగిలినచో ఆ చక్రము నేలపై ఎగిరెగిరి నడచినదని అర్థము. కొత్త టైరు వేసినను షాకబ్సార్బరు మార్పనిచో అదియు అట్లే అరుగును. టైరు ధరతో పోల్చి చూచినచో షాకబ్సార్బరు ఖర్చు పెద్దది గాదు. ఈ లెక్కను యజమానులు ఏల చేయరో మాకు తోచదు.

మోటారు సైకిలు విషయము

మోటారు సైకిలు ముందు ఫోర్కులో రెండు గొట్టములు కలవు. స్ప్రింగును నూనెయు వాని లోపలనే యుండును. తళతళలాడు గొట్టముపై నూనె వలయము ఏర్పడినచో సీలు పోయినదని గ్రహింపవలెను. ఆ నూనె జారి బ్రేకు డిస్కుపై పడినచో బ్రేకు పట్టదు. కావున దీనిని వాయిదా వేయరాదు. ముందు బ్రేకు వేయగానే ముక్కు పూర్తిగా దిగి అడుగున ఠక్కని తగిలినచో నూనె తరిగినదనియో, స్ప్రింగు అలసినదనియో తలపవలెను. ఈ నూనె కాలక్రమమున పలుచబడి పనికిరాకపోవును. ఎంత నూనె, ఏ రకము, ఎన్నాళ్లకు మార్చవలెనో బండి పుస్తకములో వ్రాసియుండును. చేతికి అందిన ఇంజను ఆయిలు పోయుట సరికాదు.

వెనుక స్ప్రింగుల అడుగున మెట్లు గల ఉంగరము ఉండుట కద్దు. ఇద్దరు ఎక్కునప్పుడు గాని, బస్తా వేయునప్పుడు గాని దానిని పై మెట్టునకు త్రిప్పవలెను. రెండువైపులను ఒకే మెట్టుపై నుంచవలెను. దీని వలన బండి ఎత్తు సర్దుకొనును గాని ఊపు ఆగదు. కమానుకు పట్టీ వేసిన చందమే. పై మెట్టునకు త్రిప్పినను బండి ఊగుచున్నచో ఆ ఉంగరముతో పోరాడుట మాని నూనెను, సీళ్లను చూపించవలెను.

బస్సులలో గాలి బుడ్డీలపై నడచునవి వేరు జాతి. వాని పరీక్ష డిపోల పనివారిది గనుక ఇచ్చట విస్తరింపలేదు. ట్రాక్టరు ట్రైలర్లకు చాలవరకు స్ప్రింగులే ఉండవు. అవి ఎగురుట టైర్లలోని గాలి వలన, మితిమీరిన వేగము వలన జరుగుచున్నది.

మరమ్మతు చేయించునపుడు

ఒక ఇరుసుకు రెండు షాకబ్సార్బర్లను జతగా మార్పించవలెను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయినచో బండి ఒకవైపు ఆగును, రెండవవైపు ఊగును. కొత్తదానిని బిగించుటకు ముందు నిలువుగా పట్టుకొని నాలుగైదు మార్లు పూర్తిగా లాగి నొక్కవలెను. నిలువలో ప్రక్కకు పడుకొన్నందున లోపల చేరిన గాలి దీని వలన పైకి పోవును. ఊడదీసినదానిని కూడ ఇట్లే లాగి నొక్కి చూచినచో మేస్త్రీ మాట నిజమో కాదో యజమానికే తెలియును. చెడినది కొంత మేర ఎట్టి అడ్డును లేక చేతికి ఖాళీగా పోవును.

విరిగిన కమాను పట్టీని వెల్డింగు చేయించరాదు. కమాను ఉక్కునకు బలము వచ్చినది కాచి, చల్లార్చి, మరల కొలతగా వేడిచేసిన పద్ధతి వలన. వెల్డింగు మంటకు ఆ పదును పోవును. అతుకు ప్రక్కనే మరల విరుగును. చదునైన పట్టీని గ్యాసు మంటపై కాచి వంచుటయు ఇట్టిదే. వంపు మరల తెప్పించుటకు తగిన కొలిమియు, చల్లార్చు నూనె తొట్టియు గల పనివారు విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల దొరకుదురు. ఆ వసతి లేని చోట కొత్త పట్టీ కొనుటయే మేలు.

రవాణా వాహనమునకు ఎనిమిదేండ్ల వయసు వచ్చువరకు రెండేండ్లకొకసారి, ఆ పిదప ఏటేట ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పొందవలెనని నియమము. ఆ దినమున బాగుండుట ఒకటి, తక్కిన దినములలో బాగుండుట ఒకటి. గతుకుల రోడ్డుపై బరువుతో నడచు బండి కమానులను నెలకొకసారి టార్చి వేసి చూచుకొనుట యజమాని పనియే.

రబ్బరు బుష్షుల బోల్టులను బండి తన చక్రములపై నిలిచియున్నప్పుడు కడపటి బిగువు బిగింపవలెను. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా బిగించినచో, దింపగానే రబ్బరు మెలిదిరిగి త్వరలో చిరుగును. కొత్త కమాను వేసిన బండిని బరువుతో ఒకమారు నడిపివచ్చిన పిదప యూ బోల్టులను మరల బిగించి చూడవలెను. పట్టీలు సర్దుకొనుట వలన అవి ఎంతో కొంత వదులగుట సహజము. పని ముగిసిన నాడు ఎత్తు కొలతలు నాలుగును మరల తీసి పాత చీటీ క్రిందనే తేదీతో వ్రాసి, రిజిస్ట్రేషను పత్రముతో పాటు దాచుకొనవలెను.